మీ ఇంట్లో ఎవరు ఏమి చదువుతున్నారు?



మా ఇద్దరికీ ఒక దురలవాటు ఉన్నది. ఎవరి ఇంటికైనా ప్రార్థనకు వెళ్ళినప్పుడు, వారు చాప పరచి, మంచినీళ్ళ చెంబు తెచ్చేలోపుగా మా కళ్ళు గోడ గూటి మీదికి పోతాయి. ఆ ఇంట్లో ఏమేమి పుస్తకాలు ఉన్నవో చూడకుండా ఉండలేము. గుడ్డలో చుట్టిన బైబిలు గ్రంథము, అట్ట ఊడిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము, పిల్లల వాచకాలు, ఎరువుల కొట్టువారు ఇచ్చిన కరపత్రాలు, పొదుపు సంఘము పద్దు పుస్తకము, ఎక్కడో అడుగున ముందు పేజీలు లేని వారపత్రిక ఒకటి. ఆ గూడు చూస్తే ఆ ఇంటి సంగతి సగము తెలుస్తుంది. గుడ్డలో చుట్టిన బైబిలు మీద దుమ్ము ఉన్నదా, లేక గుడ్డ అంచు చేతి జిడ్డుకు నల్లబడినదా అన్నది కూడ చూస్తాము. ఇది మంచి అలవాటని చెప్పము. పట్టుబడి సిగ్గుపడిన రోజులు కూడ ఉన్నవి.

మా చిన్నతనములో ఎవరు ఏమి చదువుతున్నారో తెలుసుకోవడానికి కష్టపడవలసిన పని లేదు. టీ కొట్టు దగ్గర ఒక్క పేపరును నాలుగు ముక్కలు చేసి నలుగురు చదివేవారు. ఎవరికి ఏ ముక్క కావాలో కొట్టువానికి తెలుసు. బస్సులో పక్కవాని భుజము మీదుగా తొంగి చూసి, అతడు పేజీ తిప్పబోతే, 'ఉండండి, ఇంకా రెండు వాక్యాలున్నవి' అని ఆపినవారిని మేము కళ్ళారా చూశాము. చదువు రానివారు కూడ బొమ్మను బట్టి, అట్ట రంగును బట్టి ఎవరు ఏమి చదువుతున్నారో చెప్పేవారు. ఇప్పుడు అందరి చేతిలోను ఫోనే. దావీదు కీర్తన చదివేవాని ఫోనూ, పేకాట ఆడేవాని ఫోనూ, అప్పు ఇచ్చేవాడు పంపిన బెదిరింపు చదువుకొని లోలోపల కుమిలిపోయేవాని ఫోనూ వెనుకనుండి చూస్తే ఒక్కటే. ఒకే మంచము మీద కూర్చున్న భార్యకు భర్త ఏమి చదువుతున్నాడో తెలియదు. భర్తకూ అంతే.

అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములోని ఫిలిప్పు సంగతి మీకు తెలిసినదే. యెరూషలేము నుండి గాజాకు పోవు మార్గములో ఐతియొపీయుల రాణి కందాకే దగ్గర ధనాగారము చూచే అధికారి రథములో కూర్చుండి యెషయా గ్రంథము చదువుకొంటున్నాడు. అతడు పైకి చదువుతున్నాడు గనుక పరుగెత్తి దగ్గరకు పోయిన ఫిలిప్పుకు అది వినబడినది. ఇక్కడ మనము మామూలుగా గమనించని సంగతి ఒకటి ఉన్నది. ఫిలిప్పు ఆ గ్రంథమును లాగుకొనలేదు. నీకెందుకయ్యా ఇది అనలేదు. చదివేది తెలుస్తున్నదా అని మాత్రమే అడిగాడు. అడిగినందుకు ఆ అధికారి అతనిని రథము ఎక్కించుకొని పక్కన కూర్చుండబెట్టుకొన్నాడు. ఇద్దరి ముందు ఒకే గ్రంథము ఉన్నది. తక్కినదంతా ఆ తరువాత జరిగినదే.

పక్కన కూర్చుండడము అంటే మాకు ఒక సహోదరి జ్ఞాపకము వస్తుంది. 1997–98 పంట కాలములో వరంగల్లు జిల్లాలో లద్దె పురుగు పత్తిని తినివేసి, ఎందరో రైతులు ప్రాణాలు తీసుకొన్న సంగతి పెద్దలు మరచిపోయి ఉండరు. ఆ మరుసటి ఏడు మా ప్రాంతములో కూడ పత్తి సరిగా రాలేదు. మా పొరుగు ఊరి సంఘములోని ఈ సహోదరికి అక్షరము రాదు. భర్త ఏడవ తరగతి వరకు చదివినవాడు. అతడు రోజుకు మూడుసార్లు చొక్కా జేబులోనుండి ఒక మడత కాగితము తీయడము, చదవడము, మరల మడత పెట్టడము ఆమె గమనించినది. 'ఏమిటండీ అది' అంటే 'ఏమీ లేదు' అన్నాడు. ఏమీ లేని కాగితమును మనిషి అన్నిసార్లు చదవడు గదా! అతడు స్నానానికి వెళ్ళినప్పుడు ఆరవ తరగతి చదివే కూతురి చేత చదివించినది. అది బ్యాంకు నోటీసు. భార్య నానుతాడు కుదువపెట్టి తెచ్చిన అప్పు గడువు దాటినది, వేలము వేస్తామని. తెగినదని, అతికించడానికి కంసాలికి ఇచ్చానని అతడు భార్యతో చెప్పి ఆరు నెలలు అయినది.

ఆమె కేకలు వేయలేదు. కాగితమును మడత చెడకుండా మరల జేబులో పెట్టించినది. రాత్రి అన్నాలైన తరువాత, 'ఆ కాగితము తెండి, అమ్మాయి చదువుతుంది, ముగ్గురము కూర్చుని విందాము' అన్నది. అతడు తలుపు వైపు చూశాడట. ఆమె తలుపుకు అడ్డముగా చాప వేసి కూర్చున్నది. పిల్ల చదివినది. అతడు చిన్నపిల్లవానివలె ఏడ్చాడు. ఆ వారమే పాడి గేదెను అమ్మి కొంత కట్టారు గాని, అది చాలలేదు. నానుతాడు పోయింది. మనిషి ఉన్నాడు. ఇప్పుడు మనుమలను ఎత్తుకొని గుడికి వస్తాడు. ఆమె మెడలో నేటికీ పసుపుతాడే.

ఆమెకు చదువు రాదు, కాని భర్త చదివేది చూడటము వచ్చు. మాకు చదువు వచ్చును. మా సంగతి ఇక వ్రాయకపోతే న్యాయము కాదు.

ఈ శీర్షిక మేమిద్దరము కలిసి వ్రాసేదని మీకు తెలుసు. ఒకరు చెబితే ఒకరు వ్రాస్తారు, వ్రాసినదానిని మరొకరు కొట్టివేస్తారు. ఎప్పుడూ 'మేము' అనే వ్రాస్తాము. ఈ నెల మాత్రము 'ఆయన' అనీ 'ఆమె' అనీ విడదీసి చెప్పక తప్పదు, ఎందుకంటే తప్పు చేసినది ఇద్దరమూ కాదు.

మాకు పెండ్లి అయిన కొత్తలో ఆయన పల్లెటూరి బడిలో ఉపాధ్యాయుడు, సంఘములో పెద్ద. ఆమె ఎనిమిదవ తరగతి చదువుతుండగా మానిపించారు. పోస్టుమాస్టరు గారి ఇంటికి ఒక వారపత్రిక వచ్చేది. అది అయిదు ఇండ్లు తిరిగి, చివరకు మా ఇంటికి చేరేది. చివరి ఇల్లు గనుక అందులోని సీరియలు పేజీలు చింపుకొనే హక్కు ఆమెది. వారము వారము ఆ పేజీలు దాచి, దబ్బనముతో కుట్టి, అన్నము మెతుకులతో పాత క్యాలెండరు కాగితమును అట్టగా అంటించేది. అలాంటి పుస్తకాలు ఆరో ఏడో ఉండేవి, బియ్యపు డబ్బా వెనుక. పేటలోని స్త్రీలు మధ్యాహ్నము వచ్చి, చదువు వచ్చినవారు తీసుకొనిపోయేవారు, రానివారు అరుగు మీద కూర్చుని ఆమె చదువుతుంటే వినేవారు. కన్నీళ్ళు పెట్టుకొనేవారు కూడ. ఆయన బడికి పోయిన తరువాత జరిగే వ్యవహారము ఇది. ఆయనకు తెలుసు, కాని తెలియనట్టు ఉండేవారు.

1986లో మా ఊరిలో మూడు రాత్రులు ఉజ్జీవ కూటములు జరిగినవి. చివరి రాత్రి ప్రసంగములో నవలల మీద, సినిమాల మీద చాల గట్టిగా చెప్పారు. మరునాడు ఉదయము పాత పేపర్లు కొనేవాడు వీధిలో కేకవేసుకొంటూ వచ్చాడు. ఆమె చేలో కలుపుకు పోయి ఉన్నది. ఆయన బియ్యపు డబ్బా వెనుకనుండి కట్టలన్నీ తీసి తక్కెడలో వేయించారు. పదకొండు రూపాయలు వచ్చినవి. ఆ డబ్బు ఇంట్లో వాడుకోవడము ఇష్టములేక ఆదివారము కానుక సంచిలో వేశారు. ఆడవారి వైపు చాప మీద కూర్చున్న ఆమె అది చూసినది.

ఆమె ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చి అన్నము వడ్డించినది. ఆయనకు ఇది జయమనిపించినది. కొన్నాళ్ళకు గుడిలో సాక్ష్యము కూడ చెప్పారు, మా ఇంటినుండి నవలలు పోయినవి, దేవునికి స్తోత్రము అని. అయితే పోయినవి నవలలు మాత్రమే కాదు. అంతకుముందు కుటుంబ ప్రార్థనలో వచనము మార్చి వచనము ఇద్దరము చదివేవారము. ఆ తరువాత ఆమె 'మీరే చదవండి, పొయ్యి మీద కూర ఉన్నది' అనేది. ఇరవై మూడేళ్ళు ఆ పొయ్యి మీద కూర ఉన్నది.

మధ్యలో ఆయన ఊరందరి గూళ్ళూ చూసేవారు. ఎవరింట్లో ఏమి చదువుతున్నారో సంఘములో చెప్పేవారు. మా ఇంట్లో పప్పుల డబ్బా కింద, కిరాణా కొట్టునుండి పొట్లాలు కట్టి వచ్చిన కాగితాలు చేతితో సాపు చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉండేవి. పొయ్యి రాజేయడానికి అనుకొన్నారు.

2009లో ఆయన కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగినది. కంటిలో చుక్కలు వేయించుకొంటూ కొద్ది వారాలు కంటికి శ్రమ ఇవ్వవద్దన్నారు. రెండవ కంటికి అప్పటికే చూపు సరిగా లేదు. చదవకుండా ఒక్కరోజు ఉండలేని మనిషి ఆయన. మూడవ రోజుకు చిరాకు పుట్టి ఇంట్లో అందరి మీద విసుక్కోవడము మొదలుపెట్టారు. అప్పుడు ఆమె వచ్చి, మంచము పక్కన పీట వేసుకొని, 'ఏమి చదవాలో చెప్పండి' అన్నది.

మొదట పేపరు. తరువాత ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక. తరువాత బీరువాలో ఎప్పటినుండో ఉన్న యాత్రికుని ప్రయాణము. ఆమె చదువుతుంటే ఆయన ఆశ్చర్యపడినారు. తడబాటు లేదు. ఒక్కొక్క మనిషి మాటను ఒక్కొక్క గొంతుతో చదువుతున్నది. ఇంత బాగా ఎక్కడ నేర్చుకొన్నావు అని అడిగారు. 'పొట్లాల మీద' అన్నది ఆమె. ఇంకా కొంచెము ఆగి, 'అంతకు ముందు అరుగు మీద' అన్నది.

ఆ రోజు మా ఇద్దరి మధ్య నడచిన మాటలన్నీ ఇక్కడ వ్రాయము. ఒక్కటి మాత్రము ఆమె వ్రాయమంటున్నది గనుక వ్రాస్తున్నాము. 'మీరు అమ్మినందుకు కాదండీ నా బాధ. ఒక్క పేజీ అయినా చదివి చూసి, ఇది మంచిది కాదు అని చెప్పి అమ్మి ఉంటే నేను అర్థము చేసుకొందును. మీరు చూడనే లేదు.' ఆయన దగ్గర జవాబు లేదు. కంటికి కట్టు ఉన్నప్పుడు ఏడవకూడదని డాక్టరు గారు చెప్పి ఉన్నారు. ఆ సలహా ఆ పూట పనిచేయలేదు.

చెత్త పుస్తకాలు లేవని మేము అనము. ఉన్నవి. వాటిలో కొన్ని క్రైస్తవ పుస్తకాల పేరుతో కూడ ఉన్నవని ఆమె అంటున్నది. ఆయన ఈ వాక్యమును కొట్టివేయబోయి మానుకొన్నారు.

యాత్రికుని ప్రయాణము చదువుతుండగా, ఇది వ్రాసినాయన పెద్ద చదువులు చదివినవాడా అని ఆమె అడిగినది. అప్పటినుండి మేము జాన్ బన్యన్ గారి సంగతి వెదకి చదివాము. మన పల్లెల వారికి ఆయన పరాయివాడు కాడు. 1628లో ఇంగ్లాండులో బెడ్‌ఫోర్డు పట్టణము దగ్గర ఎల్‌స్టో అనే పల్లెలో పుట్టాడు. ఊరూరా తిరిగి చిల్లులు పడిన పాత్రలు బాగుచేసే పని తండ్రిది, అదే ఆయనదీ. చిన్నప్పుడు బడిలో నేర్చుకొన్న కొద్దిపాటి అక్షరాలు కూడ మరచిపోయాడు. పదహారేళ్ళకు సైన్యములో చేరాడు. తిరిగివచ్చి, ఇరవై ఏండ్ల ప్రాయములో ఒక పేద పిల్లను పెండ్లి చేసుకొన్నాడు. ఆమె పేరు ఏమిటో ఎక్కడా నమోదు కాలేదు. వారి పేదరికము ఎంతటిదంటే ఇంట్లో వంటసామాను అని చెప్పుకోవడానికి ఒక గిన్నె, ఒక గరిటె అయినా లేవని తరువాత ఆయనే వ్రాశాడు. అయితే ఆమె పుట్టింటినుండి రెండు పుస్తకాలు తెచ్చుకొన్నది. తండ్రి చనిపోతూ ఆమెకు వదలిన ఆస్తి అదే. ఆర్థర్ డెంట్ అనే ఆయన సామాన్యుడు పరలోకము చేరే దారిని గూర్చి వ్రాసినది ఒకటి, లూయిస్ బేలీ అనే ఆయన భక్తి సాధనను గూర్చి వ్రాసినది ఒకటి.

ఈ రెండు పుస్తకాలను వారిద్దరు కలిసి అప్పుడప్పుడు చదివేవారు. మధ్య మధ్య ఆమె తన తండ్రి ఎంత భక్తిగలవాడో, ఇంట్లోను వీధిలోను తప్పు కనబడితే ఎలా మందలించేవాడో చెప్పేది. ఒక్కసారిగా ఆయన మారిపోలేదు. ఆ పుస్తకాలు తన హృదయమును పూర్తిగా తాకలేదని, భక్తి మీద కొంత కోరిక మాత్రము పుట్టించినవని 1666లో అచ్చయిన తన జీవిత వృత్తాంతములో వ్రాసుకొన్నాడు. మాకు ఆ మాట చాల నచ్చినది. భార్య భర్తకు పుస్తకము చదివించినంత మాత్రాన మరునాటికి అద్భుతము జరుగుతుందని చెప్పలేదు గదా! ఆమె ఎక్కువకాలము బ్రదుకలేదు. 1658 ప్రాంతములో నలుగురు పిల్లలను విడిచి చనిపోయినది. వారిలో పెద్దది మేరీ, పుట్టు గ్రుడ్డిది. 1660లో బన్యన్ గారిని చెరసాలలో పెట్టారు, 1672 వరకు ఉంచారు. యాత్రికుని ప్రయాణము 1678లో అచ్చయినది. ఆమె దానిని చూడలేదు. మనము ఆ పుస్తకము చదివి ఆయనను మెచ్చుకొంటాము. గిన్నె లేకపోయినా పుస్తకము తెచ్చిన ఆ పిల్లను తలచుకొనేవారు తక్కువ.

ఇది చదివిన రాత్రి ఆమె చాలసేపు మాట్లాడలేదు. తరువాత, 'నేను తెచ్చిన పుస్తకాలను మీరు తూకము వేయించారు' అన్నది. నవ్వుతూనే అన్నది లెండి. అయినా అన్నది.

పండిత రమాబాయి గారి సంగతి వేరు. అక్కడ ఇద్దరూ చదువుకొన్నవారే. రమాబాయి గారి తండ్రి అనంతశాస్త్రి గారు శాస్త్రులందరూ వద్దన్నా తన భార్యకు సంస్కృతము నేర్పిన మనిషి. ఆ తల్లి దగ్గరే రమాబాయి గారు చదువుకొన్నారు. 1880లో ఆమె విపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ వకీలును పెండ్లి చేసుకొన్నారు. కులము వేరు, భాష వేరు. ఎవరు ఏమన్నా లెక్కచేయక చేసుకొన్న పెండ్లి గనుక ఆయనను చిన్నచూపు చూడలేము. అస్సాములో సిల్చారు అనే ఊరిలో కాపురము. అక్కడ ఇంట్లోని పుస్తకాల మధ్య బెంగాలీలో అచ్చయిన లూకా సువార్త చిన్న ప్రతి ఒకటి ఆమెకు కనబడినది. అది అక్కడికి ఎలా వచ్చినదో ఆమెకే తెలియదు. తీసి చదవడము మొదలుపెట్టారు. ఆ ఊరిలోని బాప్తిస్టు మిషనరీ ఒకాయన వచ్చి ఆదికాండము మొదటి అధ్యాయము వివరించి చెప్పేవారు. నేను క్రైస్తవురాలిని అవుతాను అని ఆమె భర్తతో చెప్పారు. ఆయనకు చాల కోపము వచ్చినది. ఆ మిషనరీని ఇక మన ఇంటికి రావద్దని చెబుతానన్నాడు.

ఇందులో విచారము ఏమిటంటే ఆయన బైబిలు తెలియనివాడు కాడు. మిషను బడిలో చదువుకొన్నవాడు, గ్రంథము బాగుగా తెలుసు. క్రైస్తవుడని పిలిపించుకోవడము మాత్రము ఇష్టము లేదు. ఒకే ఇంట్లో ఒకే గ్రంథము చదివిన ఇద్దరు ఉన్నారు, కాని ఇద్దరూ దాని ముందు కలిసి కూర్చొనలేకపోయారు. 1882 ఫిబ్రవరిలో కలరా వచ్చి ఆయన చనిపోయాడు. అప్పటికి పాప మనోరమకు ఏడాది నిండలేదు. ఆయన ఇంకా చాలకాలము బ్రదికి ఉంటే ఏమయ్యేదో తనకు తెలియదని ఆమె తరువాత తన సాక్ష్యములో వ్రాశారు. 1883లో ఆమె ఇంగ్లాండులో బాప్తిస్మము పొందారు. పూనా దగ్గర కేడ్గాములో ముక్తి ఆశ్రమము నడిపి, మరాఠీలోనికి బైబిలు తర్జుమా చేసి, 1922లో ప్రభువునందు నిద్రించారు. ఆమె సేవను గూర్చి ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాము. సిల్చారులోని ఆ ఇంటిని గూర్చి ఎవరూ చెప్పలేదు. మాకు మాత్రము అక్కడే మనస్సు ఆగిపోతుంది. మా ఇంటికి అది దగ్గరగా ఉన్నది గనుక కావచ్చును.

2009 తరువాత మా ఇంట్లో రాత్రి ప్రార్థన అయిన పిమ్మట ఒక అరగంట చదువు జరుగుతున్నది. ఆయన కన్ను బాగుపడినది గాని చదివేది ఎక్కువగా ఆమే. ఆయన చదివితే ప్రసంగము చేసినట్టు ఉంటుందని ఆమె ఫిర్యాదు. మధ్యలో ఆపి అర్థము చెప్పకూడదని మొదటి వారములోనే ఒప్పందము జరిగినది. ఆయన ఆ ఒప్పందమును నెలకు రెండుసార్లు మీరుతారు. ఇంకొక తగాదా కూడ ఉన్నది. పగలు ఎవరూ ఒంటరిగా ముందు పేజీలు చదవకూడదు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆమె చదివివేస్తుంది. రాత్రి ఏమీ తెలియనట్టు చదువుతుంది గాని, ఆయనకు గొంతును బట్టి తెలిసిపోతుంది. ఒకరు ఒక పుస్తకము ఎన్నుకొంటే తరువాతిది రెండవవారు ఎన్నుకోవాలి. నచ్చకపోయినా మొదటి మూడు రాత్రులు వినాలి. ఇలా ఆయన జన్మలో ముట్టని కథల పుస్తకాలు విన్నారు, ఆమె పత్రికల వ్యాఖ్యానాలు వినినది. వ్యాఖ్యానాలలో ఆమె రెండుసార్లు నిద్రపోయిన మాట నిజమే.

పాఠకులలో కొందరు అడుగుతారు, మా ఇంట్లో ఒకరికి చదువు రాదు, మాకు ఇది ఎలా కుదురుతుంది అని. ఇలాగే కుదురుతుంది. ఒకరు చదివితే ఒకరు వినడమే మేము చేసేది కూడ. పూర్వము బైబిలు స్త్రీలు గడప గడపకు తిరిగి చదివి వినిపించినప్పుడు వినినవారిలో ఎందరికి అక్షరాలు వచ్చును? ఇద్దరికీ రాకపోతే పిల్లలున్నారు. బడినుండి వచ్చిన పిల్ల చేత ఒక పేజీ చదివించుకొంటే పిల్లకు చదువు, పెద్దలకు కథ. ఫోనులో చదివేవారు కూడ కొంచెము పైకి చదివితే సరిపోతుంది. చదివి వినిపించలేనిది ఏదైనా వస్తే, అక్కడ మాట్లాడుకోవలసినది ఏదో ఉన్నదన్న మాట. పొరుగు ఊరి సహోదరి మడత కాగితము అలాంటిదే.

ఆ సీరియలు సంగతి చెప్పి ముగిస్తాము. ఆయన అమ్మినవాటిలో ఒకటి ఆమె ఇంకా పూర్తిగా చదవలేదు. చివరి నాలుగు వారాల పేజీలు దాచిపెట్టి, పని తీరిన తరువాత ఒక్కసారే చదువుకోవాలని పెట్టుకొన్నది. అది పెద్ద పేరున్న రచయిత్రి వ్రాసినది కాదు. ఆ వారపత్రిక కూడ మూతపడినది. ఆయన విజయవాడ వెళ్ళినప్పుడల్లా లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల కొట్లలో అడిగేవారు. పేరు చెప్పగానే కొట్టువారు తల అడ్డముగా ఊపేవారు. అయిదారేళ్ళు అడిగి మానుకొన్నారు.

ఒక రాత్రి ఆయన, 'అరుగు మీద వినేవారు ఊరుకొన్నారా? తరువాత ఏమైనదని అడగలేదా?' అన్నారు.

'అడగకేమి? ఆ శుక్రవారమే వచ్చి కూర్చున్నారు, చెప్పు వదినా అని. మీరు అమ్మేశారని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సంఘ పెద్ద గదా, మీ మాట పోతుందని. నేనే ఒక ముగింపు కల్పించి చెప్పాను.'

'ఏమని?'

ఆమె దీపము వత్తి తగ్గించినట్టు గొంతు తగ్గించి, ఆ కథ మొదటినుండి చెప్పడము మొదలుపెట్టినది. మూడు రాత్రులు పట్టినది. ఆయన ఒక్కసారి కూడ మధ్యలో ఆపలేదు. రచయిత్రి వ్రాసిన ముగింపు ఏదైనా సరే, ఇంతకంటె బాగుండదని ఆయన అభిప్రాయము. ఆమె మాత్రము, చదవకుండా తీర్పు చెప్పవద్దు అంటున్నది.